హిల్ క్లైంబా, స్ప్రింటా? మొదటి సీజన్‌కి ఏది మేలు?

హిల్ క్లైంబ్, స్ప్రింట్ అనే కార్ల పోటీలు రెండూ ఒకే తాను ముక్కలు. కార్లు ఒక్కొక్కటిగా బయల్దేరతాయి. పక్కన తోసుకొచ్చేవాళ్లు ఉండరు, ముందు కారును దాటాల్సిన పని ఉండదు. మీరు, దారి, గడియారం, అంతే. తేడా అల్లా ఒకటి కొండ మీదికి, ఇంకొకటి చదునైన నేల మీద: రేస్ ట్రాక్‌లో ఒకటో రెండో ల్యాపులు, లేదంటే పాత ఎయిర్‌ఫీల్డ్ మీద కోన్లు పెట్టి గీసిన మార్గం. క్లబ్ స్థాయిలో రెండింటికీ చాలావరకు ఒకే లైసెన్స్, ఒకే హెల్మెట్, ఒకే స్క్రూటినీ (పోటీకి ముందు కారునూ సామగ్రినీ తనిఖీ చేయడం) సరిపోతాయి. దాంతో కొత్తగా దిగేవాళ్లు ఏదైతే ఏముందిలే అనుకుని, ఏది ముందు జరిగితే దానికి పేరిచ్చేస్తారు.

నన్నడిగితే మొదటి సీజన్‌కి స్ప్రింటే మేలు. కారు విషయంలో నా అభిప్రాయం ఇంకాస్త గట్టిది, చాలామందికి రుచించదు కూడా. రోడ్డు కారును కంపెనీ ఇచ్చినట్టే ఉంచండి, లేదా పూర్తిగా పోటీ కారుగా మార్చేయండి. సగం మార్చిన కారు ఆ రెండింటికన్నా ప్రమాదం.

ముందు కొండ సంగతి. ఇంగ్లండ్‌లోని షెల్స్‌లీ వాల్ష్‌లో 1905 ఆగస్టు 12న మొదటి పోటీ జరిగింది. ఇప్పటికీ అదే దారిలో జరుగుతోంది. పొడవు 1000 గజాలు, అంటే 914 మీటర్లు. కాస్త చురుకైన రోడ్డు కారుతో అది నలభై సెకన్లు అటూ ఇటూ పట్టే పని. పోటీ రోజున మామూలుగా రెండు ప్రాక్టీస్ రన్‌లు, టైమ్ లెక్కించే రన్‌లు రెండు ఇస్తారు. నాలుగూ కలిపినా మూడు నిమిషాలు నిండవు. ఆ మూడు నిమిషాల కోసం తెల్లవారకముందే బయల్దేరి, సాయంత్రం దాకా పాడాక్‌లో, అంటే పోటీ కార్లు నిలిపే చోట, కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవాలి. ఆ కబుర్లే ఈ ఆటలో సగం సరదా అనేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ డ్రైవింగ్ నేర్చుకోవాలని వచ్చినవాడికి మూడు నిమిషాలు చాలా తక్కువ.

పైగా ఆ కాస్త సమయంలో టైర్లు వేడెక్కవు. ట్రాక్ డేలో (పోటీ లేకుండా రేస్ ట్రాక్ మీద తిరిగే రోజున) నాలుగో ల్యాప్ నుంచి అద్భుతంగా పట్టే టైరు, కొండ మీద మొదటి మలుపులో మొండికేస్తుంది. ఆ మలుపులో చేసిన తప్పు దిద్దుకోవడానికి ఆ రన్‌లో మళ్లీ అవకాశం రాదు. చెట్ల నీడన ఉన్న మలుపులు, పక్క మలుపులు ఎండిపోయిన గంట తర్వాత కూడా తడిగానే ఉంటాయి.

అసలు తేడా మాత్రం దారి అంచున ఉంది. హిల్ క్లైంబ్ దారులు చాలావరకు సన్నటివి. ఒక పక్క గట్టు, రెండో పక్క చెట్లో వాలో. ఇంగ్లండ్‌లోనే ఉన్న ప్రెస్కాట్ కొండ దారిలో సెమీసర్కిల్ అనే పొడవాటి మలుపు ఉంది. బయటి పక్క నేల పల్లంలోకి వాలి ఉంటుంది కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు కూడా అక్కడ ఆచితూచి వెళ్తారు. ఇక అమెరికాలోని పైక్స్ పీక్ కథ వేరు. 1916లో మొదలైన ఆ పోటీలో దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు ఎక్కాలి. శిఖరం 4,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. 2019లో కార్లిన్ డన్ అనే రైడర్ ఫినిష్‌కు కొద్ది దూరంలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నాక అక్కడ బైకుల పోటీ ఆపేశారు. క్లబ్ స్థాయి కొండలకూ దానికీ పోలిక లేదు. అయినా ఒక సూత్రం రెండు చోట్లా వర్తిస్తుంది: ఎంత వేగంగా వెళ్లారన్నదానికన్నా, ఆ వేగంతో దేనికి తగులుతారన్నదే ముఖ్యం.

స్ప్రింట్‌లో ఈ లెక్క మారుతుంది. ట్రాక్ అయినా ఎయిర్‌ఫీల్డ్ అయినా అంచు దాటితే చాలాసార్లు గడ్డి, లేదా ఖాళీ కాంక్రీటు. కారు ఒక చుట్టు తిరిగి ఆగుతుంది, ఆ రన్ టైమ్ పోతుంది, మీరు కాస్త సిగ్గుపడి పాడాక్‌కు వస్తారు. ఒక్కో రన్‌లో స్టీరింగ్ పట్టుకునే సమయం కూడా కొండ మీదకన్నా సాధారణంగా ఎక్కువ. రెండు ల్యాపుల స్ప్రింట్‌లో అదే మలుపు రెండుసార్లు వస్తుంది, మొదటిసారి తొందరగా బ్రేక్ వేశానని తెలిస్తే రెండోసారి దిద్దుకోవచ్చు.

అలాగని స్ప్రింట్‌లో అపాయం లేదనుకోకండి. వేగాలు ఎక్కువ, కాబట్టి బ్రేకుల మీద భారమూ ఎక్కువే. ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఫ్లూయిడ్‌తో వస్తే పొడవాటి స్ట్రెయిట్ చివర్లో పెడల్ మెత్తబడి గుండె జారుతుంది. ఇంజిన్, టైర్లు కొండ మీదకన్నా ఎక్కువ అరుగుతాయి. ఖర్చు ఒక్కటే చూసుకుంటే కొండే చవక. స్టార్ట్ లైన్ దగ్గర నైపుణ్యం కూడా కొండ మీదే బాగా అబ్బుతుంది. ఎత్తు మీద క్లచ్ వదలడం, చక్రాలు తిరక్కుండా యాక్సిలరేటర్ తొక్కడం చదును నేల మీద అంత కచ్చితంగా రావు. బ్రిటన్‌లో మొదటి 64 అడుగులకు విడిగా టైమ్ ఇస్తారు, ఆ ఒక్క అంకె చాలామంది గొప్పలకు గాలి తీసేస్తుంది.

ఇవన్నీ కలిపి తూచినా నా మొగ్గు స్ప్రింట్ వైపే. టైర్లు మార్చుకోవచ్చు, చెట్టు మాత్రం పక్కకు జరగదు.

కారు: ఉన్నదున్నట్టా, సగమా, పూర్తిగానా?

ఇక్కడే కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా తప్పుదారి పడుతుంది. పోటీకి పేరివ్వగానే ఒంటిని పక్కలనుంచి పట్టి ఉంచే బకెట్ సీటు, నాలుగు పాయింట్ల హార్నెస్ (కారుకు నాలుగు చోట్ల బిగించి, రెండు భుజాలనూ నడుమునూ పట్టే రేస్ బెల్టు) కొనేస్తారు. చూడ్డానికి రేస్ కారులా ఉంటుంది, మలుపుల్లో ఒళ్లు కదలదు. భద్రత పెరిగిందనే అనుకుంటారు. ఒకసారి లోపల కూర్చుని చూద్దాం.

కంపెనీ కారులో మూడు పాయింట్ల బెల్టు, దాన్ని బిగించే ప్రీటెన్షనర్, ఎయిర్‌బ్యాగులు, సీటు అన్నీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేలా తయారుచేసి, కలిపే పరీక్షించారు. వాటిలో ఒకదాన్ని పీకేస్తే మిగిలినవాటి లెక్క తప్పుతుంది. సీటు మారిస్తే సీట్లో ఉండే పక్క ఎయిర్‌బ్యాగ్ పోతుంది. హార్నెస్ భుజాల పట్టీలను వెనక సీటు కింద బిగిస్తే అవి భుజం మీంచి నిటారుగా కిందికి దిగుతాయి. గుద్దుకున్నప్పుడు ముందుకు వెళ్లే ఒంటిని వెనక్కి పట్టుకోవాల్సిన పట్టీలు వెన్నెముకను కిందికి నొక్కుతాయి. అవి భుజం నుంచి వెనక్కి దాదాపు సమాంతరంగా పోవాలి, అలా పోవాలంటే వెనక బిగించడానికి ఒక బార్ కావాలి. నాలుగు పాయింట్ల హార్నెస్‌లో కాళ్ల మధ్య పట్టీ ఉండదు కాబట్టి భుజాల పట్టీలు బిగుసుకునేసరికి నడుం పట్టీ కటి ఎముక మీంచి పొట్ట మీదికి ఎక్కుతుంది. ఒళ్లు దాని కిందనుంచి జారితే దెబ్బ లోపలి అవయవాలకు తగులుతుంది.

కారు బోల్తా పడిందనుకోండి. మామూలు బెల్టులో ఒళ్లు కాస్త పక్కకు వాలుతుంది. హార్నెస్‌లో నిటారుగా బిగుసుకుని ఉంటుంది. పైన రోల్ కేజ్ (ఉక్కు గొట్టాల చట్రం) లేకపోతే నలిగిన టాపు నేరుగా తల మీదికే వస్తుంది.

మెడ సంగతి ఇంకా ఉంది. ఛాతీని హార్నెస్ ఆపేస్తుంది, హెల్మెట్ బరువుతో సహా తల ముందుకు పోతుంది. ఆ భారమంతా పుర్రె అడుగున పడుతుంది. దీనికి విరుగుడుగానే 1980లలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, రేసర్ అయిన ఆయన బావమరిది జిమ్ డౌనింగ్ కలిసి, తల ముందుకు పోకుండా హెల్మెట్‌ను పట్టి ఉంచే హాన్స్ పరికరాన్ని తయారుచేశారు. 2003 నుంచి ఫార్ములా వన్‌లో అది తప్పనిసరి. కానీ హాన్స్ భుజాల మీద నిలబడాలంటే రెండు భుజాల మీదా పట్టీలుండాలి, మూడు పాయింట్ల బెల్టుతో పనిచేయదు. అంటే హార్నెస్ పెడితే హాన్స్ కావాలి, హాన్స్‌కు తగ్గ హెల్మెట్ కావాలి, హార్నెస్‌కు తగ్గ సీటు, దాని వెనక బార్, పైన కేజ్ కావాలి. ఒకటి ముట్టుకుంటే అయిదు మార్చాలి.

మరి అన్నీ మార్చేస్తే? పోటీకి మాత్రమే వాడి, ట్రెయిలర్ మీద తెచ్చే కారుకు అదే సరైన దారి. ఆరు పాయింట్ల హార్నెస్, కేజ్, మంటలార్పే సిస్టమ్, బయటినుంచి కరెంటు ఆపే స్విచ్, అన్నీ పెట్టుకోండి. కానీ ఆ కారులోనే రోజూ ఆఫీసుకు వెళ్లకండి. పోటీలో తలకు హెల్మెట్ ఉంటుంది. రోడ్డు మీద ఉండదు, తలకు జానెడు దూరంలో ఉక్కు గొట్టం ఉంటుంది. ప్యాడింగ్ చుట్టినా అది గొట్టమే.

ఓపెన్ టాప్ కార్లకు మాత్రం మినహాయింపు. సీట్ల వెనక సరైన రోల్ బార్ లేకుండా వాటితో దిగకండి. చాలా చోట్ల రూల్స్ కూడా ఒప్పుకోవు.

కాబట్టి రోజూ వాడే కారుతోనే మొదలుపెట్టేవాళ్లు రోడ్డు కార్ల క్లాసులో పేరివ్వండి. బెల్టు, సీటు ముట్టుకోకండి. కారులో ఖర్చు చేయాల్సినవి కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు, అరగని టైర్లు. మిగతా డబ్బు ఒంటి మీదికి.

హెల్మెట్, సూట్: కొత్తవా, పాతవా?

హెల్మెట్ కొత్తదే కొనండి, ఇందులో రెండో మాట లేదు. ఎవరో ఒకసారి కింద పడేశారో లేదో పైకి చూస్తే తెలియదు. బైక్ హెల్మెట్ ఉందిగా అంటారు చాలామంది. స్నెల్ స్టికర్ చూస్తే తేడా తెలుస్తుంది. 1956లో రేసులో తలకు దెబ్బ తగిలి చనిపోయిన పీట్ స్నెల్ పేరు మీద 1957లో పెట్టిన ఫౌండేషన్ హెల్మెట్లను పరీక్షించి వేసే స్టికర్ అది. ‘ఎం’ అక్షరం బైకులది, ‘ఎస్‌ఏ’ కార్లది. ఎస్‌ఏ హెల్మెట్‌ను మంటల్లో పరీక్షిస్తారు, రోల్ బార్‌కు గుద్దుకుంటే ఏమవుతుందో కూడా చూస్తారు. ఎం రకానికి ఆ పరీక్షలు లేవు. కొనేముందు నిర్వాహకుల రూల్స్‌లో ఏ ఏడాది స్టికర్ దాకా ఒప్పుకుంటారో చూడండి. తగ్గింపు ధరకు దొరికే పాత స్టాకుకు కారణం చాలాసార్లు అదే.

సూట్ పాతదైనా పర్వాలేదు, అయితే లేబుల్ చూడాలి. ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ) 8856-2000, 8856-2018 అనేవి ప్రమాణాల నంబర్లు. మెడ వెనక కుట్టి ఉంటాయి. మోచేతులు, మోకాళ్ల దగ్గర బట్ట పలచబడిందేమో వెలుతురుకు పట్టి చూడండి. నూనె మరకలున్నదైతే వద్దు, ఆ మరకే అంటుకుంటుంది. పాత యజమాని పేరు, స్పాన్సర్ బ్యాడ్జీలు లోపలి పొర దాకా కుట్టి ఉంటే అది కూడా వద్దు. లోపల వేసుకునే బనియన్ నైలాన్‌ది కాకూడదు. రేస్ దుస్తులకు వాడే నోమెక్స్ బట్ట వేడికి కరగదు, నైలాన్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

పాత హార్నెస్ చవకగా దొరికిందంటే నూటికి తొంభైసార్లు గడువు తీరినదే. ఎఫ్ఐఏ లేబుల్ ఉన్న హార్నెస్ ఆయువు అయిదేళ్లు, ఆ తేదీ పట్టీ మీదే రాసి ఉంటుంది. స్క్రూటినీర్ చూపు ముందుగా పడేది దానిమీదే.

స్క్రూటినీ అంటే టెన్షన్ పడక్కర్లేదు. చాలామంది దొరికిపోయేది చిన్న విషయాల్లోనే. బ్యాటరీ చేత్తో ఊపితే కదలకూడదు. డ్రైవర్ కింద ఫ్లోర్ మ్యాట్ తీసేయాలి. డోర్ పాకెట్‌లో నాణేలు, సీటు కింద వాటర్ బాటిల్ ఉండకూడదు. బ్రిటన్‌లో అయితే బ్యాటరీ ఎర్త్ తీగకు పసుపు టేపు చుట్టాలి. కారు ముందు టైమింగ్ స్ట్రట్ కూడా ఉండాలి: కనీసం 254 మిల్లీమీటర్ల ఎత్తు, 51 వెడల్పు ఉన్న పలక, రెండు వైపులా మెరవని నలుపు. అడుగు భాగం నేలకు 200 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు, పై భాగం 460కి తగ్గకూడదు. టైమ్ తీసే కాంతి కిరణాన్ని అడ్డేది ఆ పలకే. వాలు ముక్కున్న కారు, మెరిసే బంపరున్న కారు ఎవరిదైనా అందరికీ గడియారం ఒకేలా మొదలవ్వాలని. రెండు బోల్టులతో బిగించిన రేకు ముక్కే, అది మర్చిపోయి పాడాక్‌లో అట్టముక్కకు నల్ల టేపు చుట్టేవాళ్లు ప్రతి పోటీలో కనిపిస్తారు.

డబ్బు మరీ బిగుతుగా ఉంటే ఇద్దరు కలిసి ఒకే కారును నడపొచ్చు. ఈ ఆటలో అది మామూలే. రెండోవాడికి కాస్త వేడెక్కిన టైర్లు దొరుకుతాయి, కాబట్టి వంతులు వేసుకోండి. హెల్మెట్ మాత్రం ఎవరిది వాళ్లకే.

మీకు అందుబాటులో స్ప్రింట్ లేదు, కొండ ఒక్కటే ఉందంటే మానుకోమని అనను. ముందురోజో, తెల్లారో దారంతా కాలినడకన ఎక్కండి. కారులో కాదు, నడిచే. ప్రతి మలుపులో లోపలి అంచు కాకుండా బయటి అంచున నిలబడి, ఇక్కడ జారితే దేనికి తగులుతానో చూసుకోండి. మార్షల్ పోస్టులు (జెండాలతో సిబ్బంది నిలబడే చోట్లు) ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి, ఎర్ర జెండా కనిపిస్తే అక్కడికక్కడే ఆగాలి. మొదటి ప్రాక్టీస్ రన్‌లో గడియారాన్ని పట్టించుకోకుండా బ్రేక్ వేసే చోట్లు మాత్రమే వెతుక్కోండి. ఫలితాల్లో లెక్కకొచ్చేది రెండు రన్‌లలో మంచిది ఒక్కటే. మొదటి రన్‌లో ఒక టైమ్ వచ్చేశాక వాన మొదలైందంటే, రెండో రన్ వదిలేసి కారును నిక్షేపంగా ఇంటికి తెచ్చుకున్నా పట్టికలో మీ పేరు ఉంటుంది.