అమెరికా యాంప్లిఫయర్‌కు ఏది మేలు: బయట స్టెప్‌డౌనా, లోపల మార్పా?

గుంటూరు, విజయవాడల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు. అక్కడి నుంచి వచ్చిన యాంప్లిఫయర్‌ను మన 230 వోల్టుల మీద నడపడానికి బయట స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలా, లోపలే మార్పించాలా అని తరచూ అడుగుతుంటారు. అడిగేవారందరి దృష్టీ వోల్టుల మీదే ఉంటుంది; నా ఉద్దేశంలో అసలు తేల్చుకోవలసింది హెర్ట్జ్ సంగతి, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృత్తాలు పూర్తిచేస్తుందన్నది. మన కరెంటు 50 హెర్ట్జ్.

సెట్టు వెనుక వోల్టుల పక్కనే అచ్చువేసిన ఆ చిన్న అంకెను ముందు చదవండి. జపాన్‌లో తూర్పున 50, పడమట 60 హెర్ట్జ్ కరెంటు ఉన్నందున అక్కడి సెట్లపై సాధారణంగా రెండూ రాసి ఉంటాయి. వాటికి 100 వోల్టులిచ్చే స్టెప్‌డౌన్ చాలు. అమెరికా సెట్లపై చాలాసార్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటుంది. స్టెప్‌డౌన్ వోల్టేజీని తగ్గిస్తుందే గాని హెర్ట్జ్‌ను మార్చదు. 60కి లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే 120 వోల్టులు 50 హెర్ట్జ్ వద్ద అందితే, దాని ఇనుప కోరు (తీగ చుట్టిన ఇనుప దిమ్మ) మీద అయస్కాంత భారం 20 శాతం పెరిగి, అది ఎక్కువ కరెంటు లాగుతూ, గుయ్యిమని మోగుతూ వేడెక్కవచ్చు. మే నెలలో బెజవాడ గదిలో ఆ అదనపు వేడిని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే ఇటువంటి సెట్టుకు 120 కన్నా 110 వోల్టుల స్టెప్‌డౌన్ మంచిది; అదనపు భారం 10 శాతానికి దిగుతుంది.

ఈ మధ్య ఒక రిసీవర్‌కు నేను ఎంచుకున్నదీ అదే, అందులోనూ రెండు వైండింగులు (తీగ చుట్టలు) విడివిడిగా ఉన్నది. ఒకే వైండింగ్‌తో పనిచేసే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ తేలిక, చవక. కాని దాని ఉమ్మడి భాగం తెగితే 230 వోల్టులు నేరుగా సెట్టుకు చేరే ప్రమాదముంది. సామర్థ్యం సెట్టు మీద రాసిన వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి.

లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు ప్రైమరీలు (గోడ ప్లగ్గు కరెంటు అందుకునే వైండింగులు) ఉన్నాయని, అది 50 హెర్ట్జ్‌కూ పనికొస్తుందని సర్వీసు మాన్యువల్ చూపితే మాత్రం నా ఓటు లోపలి మార్పుకే. సమాంతరంగా (ప్యారలల్) కలిపి ఉన్న ఆ రెంటినీ వరుసగా (సిరీస్) కలిపితే 120కి చేసినది 240కి సరిపోతుంది, మన 230 హాయిగా అందులో ఇమిడిపోతుంది. నాలుగు తీగల్లో ఏది మొదలో ఏది చివరో గుర్తించకుండా కలిపితే రెండు వైండింగులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని ఫ్యూజు పోతుంది కనుక, ఈ పని తెలిసిన మెకానిక్ చేతనే చేయించాలి. ప్రైమరీ ఫ్యూజు విలువను సగానికి తగ్గించమనీ చెప్పాలి. ఒకే ప్రైమరీ ఉంటే పాత కోరు మీదే తిరిగి చుట్టించడం నాకు నచ్చదు. 50 హెర్ట్జ్‌కు 20 శాతం ఎక్కువ చుట్లు కావాలి, చోటు చాలక సన్న తీగ వాడేస్తారు. సెకండరీ (సెట్టు లోపలికి కరెంటిచ్చే వైండింగ్) వోల్టేజీలన్నీ కొలిచి, కాస్త పెద్ద కోరు మీద కొత్తది చుట్టించడమే నయం.

సింక్రనస్ మోటారు (హెర్ట్జ్‌ను బట్టి వేగం మారేది) ఉన్న రికార్డు ప్లేయర్‌కు స్టెప్‌డౌన్ ఒక్కటే చాలదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన పళ్లెం 28లోపే తిరుగుతుంది, 50 హెర్ట్జ్ పుల్లీ కూడా వేయాలి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్లను ఆడియో సెట్లకు వాడకండి.