బటర్ షీట్ల పేరుతో మార్జరిన్ అమ్ముతున్నారు, క్రోసాంట్లు చేసేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో క్రోసాంట్లు (పొరలు పొరలుగా విచ్చుకునే ఫ్రెంచ్ బేకరీ వంటకం) చేసుకునేవాళ్లు, చేసి ఆర్డర్ల మీద అమ్మేవాళ్లు ఎవరైనా సరే, ఆన్‌లైన్‌లో "ప్యూర్ బటర్ లామినేషన్ షీట్స్" (పొరలు రావడానికి పిండిలో పెట్టి మడిచే బటర్ పలకలు) అని కనబడగానే డబ్బులు కట్టేయకండి. నాకు వచ్చింది బటర్ కాదు, పఫ్‌లకి వాడే బేకరీ మార్జరిన్, అంటే నూనెలతో బటర్‌లా కనబడేలా చేసే కొవ్వు. దాన్ని అసలు ప్యాకింగ్ నుంచి తీసి, మామూలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మీద బటర్ అని స్టిక్కర్ అంటించి, కంపెనీ బటర్ కన్నా ఎక్కువ ధరకి అమ్మారు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి అది తేలేదాకా ఆగుతాను. కానీ ఈ పని ఎవరైనా చేయగలిగేంత తేలిక, పైగా కొన్నవాళ్లకి అంత త్వరగా అనుమానం కూడా రాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేముండేది హైదరాబాద్. ఎండాకాలంలో ఇక్కడ బటర్‌ని షీటుగా సాగదీసి పిండిలో మడతపెట్టడం అంటే పెద్ద టెన్షన్, చేసినవాళ్లకి తెలుసు. రెడీమేడ్ షీట్ దొరికితే సగం పని తప్పుతుంది కదా అని బేకింగ్ సామాన్లు అమ్మే ఒక ఆన్‌లైన్ పేజీలో ఆర్డర్ పెట్టాను. కిలో 780 రూపాయలు, డెలివరీ అదనం. ఫొటోలు బాగున్నాయి, కింద పొగడ్తలు చాలా ఉన్నాయి, "ఇంపోర్టెడ్ బటర్, 84 శాతం ఫ్యాట్" అని రాశారు. క్రోసాంట్ల గురించి కాస్త చదివినవాళ్లకి ఈ 84 అంకె తెలిసే ఉంటుంది. మన దేశంలో టేబుల్ బటర్‌లో పాల కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీళ్లు 16 శాతం దాటకూడదు. ఫ్రాన్స్‌లో మామూలు బటర్ 82 శాతం, మడతల పిండి కోసం ప్రత్యేకంగా చేసే డ్రై బటర్ 84. నీళ్లు తక్కువ కాబట్టి విరగకుండా సాగుతుంది. ఆ అంకె వేస్తే ఎవరు నమ్ముతారో అమ్మేవాళ్లకి బాగా తెలుసు.

పార్సిల్ మిట్టమధ్యాహ్నం వచ్చింది. బైక్ మీద తెచ్చారు, అట్టపెట్టె ముట్టుకుంటే వేడిగా ఉంది, లోపల ఐస్ జెల్ ప్యాకెట్ లేదు, థర్మాకోల్ లేదు. అంత ఎండలో వచ్చిన షీట్ల మూలలు కత్తితో కోసినట్టు అలాగే ఉన్నాయి. కవర్ లోపల ఒక్క నూనె చుక్క లేదు. వేలితో నొక్కితే కాస్త మెత్తగా దిగింది, అంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్ మా వంటింట్లో గట్టుమీద పెడితే కాసేపటికే చుట్టూ నూనె దిగి కూలబడుతుంది, ఇది ఏకంగా రోడ్డెక్కి వచ్చింది. వెంటనే మెసేజ్ పెట్టాను. "హై మెల్టింగ్ బటర్ మేడమ్, క్రోసాంట్‌కి స్పెషల్" అని జవాబు. డ్రై బటర్ మామూలు దానికన్నా కొంచెం గట్టిగా ఉండే మాట నిజమే. కానీ అదీ పాల కొవ్వే, 40 డిగ్రీల ఎండలో ఊరంతా తిరిగి మూలలు చెక్కుచెదరకుండా రావడం అయ్యే పని కాదు.

సరే, వాడి చూద్దామని పిండి కలిపాను. అరకిలో మైదాకి పావుకిలో షీట్, మామూలు లెక్కే. మూడుసార్లు మూడు మడతలు వేస్తే లోపల 27 కొవ్వు పొరలు వస్తాయి. షీట్ ఎక్కడా విరగలేదు, ఎక్కడా బయటికి రాలేదు, మడత మడతకీ ఫ్రిజ్‌లో పెట్టకపోయినా నడిచిపోయేలా ఉంది. ఓవెన్‌లో చక్కగా పొంగాయి, పొరలు పొరలుగా విచ్చుకున్నాయి, కోస్తే లోపల తేనెపట్టులా గదులు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ మోసంలో చేసిన వంటకం పాడవదు, ఫొటోకి ఇంకా అందంగా వస్తుంది. ఆ పొగడ్తలన్నీ ఎక్కడినుంచి వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. అందరూ పొరలు చూసి అయిదు నక్షత్రాలు ఇచ్చేశారు.

నోట్లో పెట్టుకుంటే తెలిసింది. మొదటి కొరుకు కరకరలాడింది, తరవాత అంగిలికి మైనం లాంటి పొర అతుక్కుంది. వేడి కాఫీ తాగితే తప్ప వదల్లేదు. వాసన మాత్రం బటర్ వాసనే, కాకపోతే మరీ ఎక్కువ, పెట్టె తెరిచినప్పుడు ఎంత ఉందో కాల్చాక కూడా అంతే. అసలు బటర్ అయితే ఓవెన్‌లో ఉన్నప్పుడు ఇల్లంతా నెయ్యి కాచిన కమ్మదనం వస్తుంది, అది లేదు. పాల కొవ్వు సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, మన ఒంటి వేడి 37, అందుకే బటర్ నాలుక మీద పడగానే జారిపోతుంది. పఫ్ మార్జరిన్‌ని ఎండకీ బేకరీ వేడికీ తట్టుకునేలా చేస్తారు, 40 దాటితేగానీ పూర్తిగా కరగని రకాలుంటాయి. నోట్లో అంత వేడి ఉండదు కదా, అందుకే అతుక్కుంటుంది.

మార్జరిన్ వాడటమే తప్పని నేను అనడం లేదు. మన బేకరీల్లో ఎగ్ పఫ్, కర్రీ పఫ్ చాలావరకు దాంతోనే చేస్తారు, అందరం ఇష్టంగా తింటాం, ఆ ధరకి బటర్‌తో ఎవరూ ఇవ్వలేరు. ఫ్రాన్స్‌లోనే బటర్‌తో చేసినదాన్ని క్రోసాంట్ ఓ బ్యూర్ అంటారు, వేరే కొవ్వుతో చేసినదాన్ని క్రోసాంట్ ఆర్డినేర్ అని విడిగా అమ్ముతారు. బటర్‌వి నిటారుగా, మార్జరిన్‌వి నెలవంకలా వంచి పెట్టడం అక్కడ చాలా బేకరీల్లో వాడుక, చూడగానే తెలిసిపోతుంది. మనకీ అదే చాలు. ఏది వాడారో చెప్పి, దాని ధర తీసుకోమనండి. మార్జరిన్ కిలో బటర్ ధరలో సగం కూడా ఉండదు, దాన్ని బటర్ మీద ఇంకో రెండు వందలు వేసి అమ్మడమే ఘోరం. ఇక దీన్ని కొని "బటర్ క్రోసాంట్" అని అమ్ముతున్న ఇంటి బేకర్లు తెలియకుండానే తమ కస్టమర్లకి అబద్ధం చెబుతున్నారు. రేపు ఎవరైనా నిలదీస్తే సమాధానం చెప్పాల్సింది వాళ్లే. పాపం, వాళ్లలో చాలామంది ఇంటి ఖర్చుల కోసం తెల్లవారుజామున లేచి పిండి కలిపే ఆడవాళ్లు.

ఇంకో సంగతి, ఇది ఆరోగ్యం విషయం. వంట నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకి చేటు చేసే రకం కొవ్వు) 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. పేరున్న కంపెనీ మార్జరిన్ అయితే పెట్టె మీద అంతా రాసి ఉంటుంది, చూసుకుని కొంటాం. విప్పి మళ్లీ ప్యాక్ చేసినదానిలో ఏ నూనె ఉందో, ఎప్పుడు తయారైందో, ఎన్నాళ్లు ఎక్కడ పడేశారో మనకేం తెలుస్తుంది? ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లో, సోయా పడనివాళ్లో ఉంటే మరీ ప్రమాదం.

రుజువు ఎలా దొరికిందంటే, మిగిలిన షీట్లలో ఒకదాని అడుగున కాగితం ముక్క అతుక్కుని ఉంది, అసలు ప్యాకింగ్ లోపలి కాగితం అన్నమాట, తొందరలో పూర్తిగా ఊడదీయలేదు. దానిమీద ఇంగ్లిష్‌లో "వెజిటబుల్ ఫ్యా" దాకా చదవడానికి వస్తోంది, మిగతాది చిరిగిపోయింది. ఫొటో తీసి పంపాను. అప్పటిదాకా నిమిషంలో జవాబిచ్చినవాళ్లు సాయంత్రం దాకా పలకలేదు. తరవాత "ఓపెన్ చేసిన ఫుడ్ ఐటమ్‌కి రిటర్న్ ఉండదండీ" అన్నారు. బిల్లు ఇవ్వమన్నాను, ఇవ్వలేదు. కంపెనీ పేరు చెప్పమన్నాను, "సప్లయర్ సీక్రెట్" అన్నారు. తినే వస్తువుకి సీక్రెట్ ఏమిటండీ? మళ్లీ అడిగితే బ్లాక్ చేశారు.

కాబట్టి కొనేముందు ఇవి చూడండి. ప్యాకెట్ వెనకవైపు ఫొటో అడగండి, ముందువైపు స్టిక్కర్ కాదు. దానిమీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్, పదార్థాల జాబితా, తయారీ తేదీ, ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి, విప్పి మళ్లీ ప్యాక్ చేసినా సరే ఉండాల్సిందే. ఆ నంబర్ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్కాస్ అనే లైసెన్సుల సైట్‌లో కొడితే ఎవరిదో తెలుస్తుంది. పదార్థాల్లో పామ్ ఆయిల్, ఎడిబుల్ వెజిటబుల్ ఫ్యాట్, ఎమల్సిఫయర్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం) కనబడితే అది బటర్ కాదు, ముందు ఎంత పెద్ద అక్షరాలతో బటర్ అని రాసినా. పచ్చ చుక్క చూసి మోసపోకండి, పాల బటర్‌కీ మార్జరిన్‌కీ రెండింటికీ పచ్చ చుక్కే ఉంటుంది. "బటరీ", "బటర్ ఫ్లేవర్డ్", "బటర్ బ్లెండ్" అన్నా కాదనే అర్థం. ధర కూడా చూడండి. పేరున్న కంపెనీ అన్‌సాల్టెడ్ బటరే కిలో అయిదు వందలు దాటుతుంది, దూరదేశం నుంచి చల్లటి కంటైనర్‌లో వచ్చిన డ్రై బటర్ దానికి కాస్త అటూ ఇటూగా దొరుకుతుందా? డెలివరీలో ఐస్ లేకుండా ఎండలో పంపుతామన్నారంటే ఇంక కొనొద్దు, అసలు బటర్ అమ్మేవాళ్లు ఆ ధైర్యం చేయరు.

ఇప్పటికే కొన్నవాళ్లు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి, నమలకుండా. బటర్ చల్లగా తగిలి కరిగిపోతుంది, ఇది పేస్టులా అయి అంగిలికి పట్టుకుంటుంది. ఇంకో ముక్క చిన్న మూకుడులో సన్నని మంట మీద కాచండి. బటర్ అయితే నురగ వచ్చి, అడుగున మడ్డి ఎర్రబడి, నెయ్యి వాసన వస్తుంది. కొన్ని మార్జరిన్లలో పాలపొడి కూడా కలుపుతారు, అదీ అలాగే ఎర్రబడుతుంది, కాబట్టి ఈ రెండోదాన్నే పట్టుకుని తేల్చేయకండి, నాలుక పరీక్ష, వేడిలో నూనె దిగుతుందా లేదా అన్నది కూడా కలిపి చూడండి. గట్టి రుజువు కావాలంటే ల్యాబే. పాల కొవ్వులో బ్యూటిరిక్ యాసిడ్ ఉంటుంది, పామ్ ఆయిల్ లాంటి వాటిలో ఉండదు, ల్యాబ్‌లో దాన్నిబట్టి తేలుస్తారు. 2006 ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు.

అసలు షీట్ కొనాల్సిన పనే లేదు. షాపులో దొరికే అన్‌సాల్టెడ్ బటర్ పావుకిలో తీసుకోండి, బటర్ పేపర్‌ని 18 సెంటీమీటర్ల చదరంగా మడిచి దాని మధ్యలో ఆ బటర్ పెట్టండి, అప్పడాల కర్రతో మెల్లగా కొడుతూ మూలల దాకా సాగదీయండి, ఫ్రిజ్‌లో పెట్టేయండి. పిండిలో పెట్టేటప్పుడు వంచితే విరగకుండా వంగాలి, వేలికి మాత్రం జిడ్డు అంటకూడదు, 13 నుంచి 16 డిగ్రీల మధ్య అలా ఉంటుంది. మరీ గట్టిగా ఉంటే లోపల ముక్కలవుతుంది, మరీ మెత్తబడితే పిండిలో కలిసిపోయి పొరలకి బదులు బన్ను వస్తుంది. ఏసీ గదిలో గానీ పొద్దున్నే గానీ చేయండి, మడతకీ మడతకీ మధ్య అరగంటకి తక్కువ కాకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఆఖర్న పొంగబెట్టేటప్పుడు 26 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ట్రే నిండా నూనె కారుతుంది. ఉప్పు బటరే దొరికితే పిండిలో ఉప్పు సగానికి తగ్గించండి. మన 80 శాతం బటర్‌తో కూడా మంచి క్రోసాంట్ వస్తుంది, కాస్త ఓపిక ఎక్కువ కావాలి, అంతే.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనూ ఫొటోలతో పెట్టాను. మీ దగ్గర ఇలాంటి షీట్లు ఉంటే, తెల్ల స్టిక్కర్ మీద బటర్ అని తప్ప ఇంకేమీ లేని ప్యాకెట్లు అయితే, కోపంలో పారేయకండి. విప్పని ప్యాకెట్ ఒక్కటైనా అలాగే ఫ్రీజర్‌లో ఉంచండి, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, చాట్, పార్సిల్ మీది చిరునామా ఫొటో తీసి పెట్టుకోండి, బ్లాక్ చేసేలోపే. ఆ ప్యాకెట్ ఉంటేనే ల్యాబ్‌కి పంపగలం.