గింప్‌లో లేయర్ మాస్కులు: కలపడం తేలిక, అమర్చడమే తలనొప్పి

ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌తో స్టూడియో పని నడుస్తుందా అని కడపలో తోటి ఫొటోగ్రాఫర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. రెండు మూడు ఫొటోలను కలిపి ఒకటి చేయడం వరకైతే నిక్షేపంగా నడుస్తుంది. 2018లో వచ్చిన 2.10 వెర్షన్‌తో మొదలుపెట్టి, 2025 మార్చిలో విడుదలైన 3.0కు మారాను. ఇందులో ఒక్కో ఫొటో ఒక్కో పొరగా, అంటే లేయర్‌గా, ఒకదానిమీద ఒకటి ఉంటుంది. పై పొరలో ఏ భాగం కనిపించాలో చెప్పే నలుపు తెలుపు ముసుగే లేయర్ మాస్కు. మాస్కు మీద తెలుపు ఉన్నచోట పై ఫొటో కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట కింది ఫొటో బయటపడుతుంది, బూడిద రంగులో రెండూ కలుస్తాయి. ఎరేజర్‌తో చెరిపితే పోయినట్టు ఇక్కడ ఏదీ పోదు.

దీని సత్తా గండికోట ఫొటోలతో తెలిసింది. తెల్లవారుజామున పెన్నా లోయకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) పెడితే ఆకాశం వెలవెలబోతుంది. ఆకాశానికి పెడితే బండలు నల్లబడతాయి. అందుకే రెండూ తీసి, ఆకాశం బాగున్నదాన్ని పైన పెట్టి, మాస్కు మీద గ్రేడియంట్, అంటే తెలుపు నుంచి నలుపుకు మెల్లగా మారే రంగు, లాగుతాను. లోయ ఒక్కటే ఉంటే పని అక్కడికి పూర్తి. మాధవరాయ ఆలయ గోపురం ఫ్రేములో ఉంటే మాత్రం గ్రేడియంట్ దాని పైభాగాన్ని కూడా చీకట్లో ముంచేస్తుంది. అలాంటప్పుడు ఆ లేయర్ నలుపు తెలుపు నకలునే మాస్కుగా తీసుకుంటాను. వెలుగునీడలను సర్దే లెవల్స్ సాధనంతో ఆకాశాన్ని తెలుపు వైపు, గోపురాన్ని నలుపు వైపు నెట్టి, కొద్దిగా బ్లర్ ఇస్తే అంచు తేలిపోదు. మరీ గట్టిగా నెట్టారో, శిల్పాల చుట్టూ తెల్లటి గీత వచ్చి కూర్చుంటుంది. ఆల్ట్ పట్టుకుని లేయర్ల జాబితాలో మాస్కు చిన్న బొమ్మను నొక్కితే మాస్కు మాత్రమే తెర మీద కనిపిస్తుంది. మరకలు అక్కడే దొరుకుతాయి.

పెళ్లి గ్రూపు ఫొటోల సంగతి వేరు. “అన్నా, మా నాయన కళ్లు మూసుకున్నాడు, ఇంకో దాంట్లోంచి పెట్టు” అని అడగని ఇల్లు లేదు. ముఖం మార్చడం నిమిషాల పని, రెండు ఫొటోలనూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడమే కష్టం. లేయర్లను వాటంతట అవే సరిచేసే సాధనం గింప్‌లో లేదు. పై లేయర్‌ను, రెండింటి మధ్య తేడాను మాత్రమే చూపే డిఫరెన్స్ మోడ్‌లో పెట్టి, తెర వీలైనంత నల్లబడేదాకా జరుపుకోవాలి. కెమెరా చేతిలో ఊగి ఉంటే తిప్పడం, సాగదీయడం కూడా తప్పదు. అలాంటివి ఎక్కువైతే ఫొటోలను అతికించే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకుని రావడమే మేలు, అదీ ఉచితమే.

ఇంకో చిరాకు, ఫొటో ఎంపికైందో మాస్కు ఎంపికైందో ఆ జాబితాలో చిన్న బొమ్మ చుట్టూ ఉండే సన్నటి గీతను చూసి తెలుసుకోవాలి. దాన్ని చూడకుండా బ్రష్ తిప్పితే నల్లరంగు నేరుగా ఫొటో మీదే పడుతుంది. 3.0లో ఫిల్టర్లను వేసిన తర్వాత కూడా మార్చుకునే వీలు రావడంతో, రెండు ఫొటోల రంగులు కలపడం మాత్రం చాలా సుఖమైంది.

జేపెగ్‌గా ఎగుమతి చేస్తే మాస్కులన్నీ ఫొటోలో కలిసిపోతాయి, కాబట్టి లేయర్లు, మాస్కులు అలాగే ఉండే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలు కూడా దాచుకోండి. బరువు ఎక్కువే, ఇంకో హార్డ్ డిస్క్ కొనుక్కోవాల్సి వస్తుంది.