లయ నిలవాలంటే ఏది మేలు: ఫోన్‌లో టిక్కా, తాళపు తీగలా, పక్కన మృదంగమా?

వీణ మొదలుపెట్టిన ఏడాదికి నాకు తెలిసొచ్చింది, శ్రుతి బాగానే ఉంది, కాలమే, అంటే వేగమే, నిలవడం లేదని. మొదటి కాలంలో అలంకారాలు (సాధన స్వరవరుసలు) నిమ్మళంగా సాగేవి. రెండో కాలంలో చెయ్యి పరుగందుకునేది. మూడో కాలంలో అయితే మెట్టు దొరకని చోట వెనకబడి, సులువైన చోట ఆ బాకీ తీర్చుకోవడానికి దూకేసేదాన్ని. "ఏటమ్మా, ఎవులైనా తరుముతన్నారా?" అనేవారు మా మాస్టారు. విజయనగరంలో నాతోపాటు నేర్చుకునేవాళ్లలో చాలామందిది ఇదే బాధ. ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పారు. మూడూ వాడి చూశాను.

ముందు మెట్రోనోమ్, అంటే సమాన వ్యవధిలో టిక్కుమనే సాధనం. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. నిమిషానికి 60 దగ్గర పెడితే సెకనుకో టిక్కు. టిక్కుకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు: మూడు కాలాలూ వచ్చేస్తాయి. దీని గొప్పతనం మొహమాటం లేకపోవడం. మనం జారితే అది ఆగదు. ఎక్కడ జారామో అక్కడే తెలిసిపోతుంది.

కానీ దాని మీద ఆనుకోవడం చాలా సులువు. మూడు నెలలు టిక్కుతోనే సాధన చేశాను. ఫోన్ పక్కన పెట్టగానే లయ కూడా దానితోపాటే పోయింది. మిశ్రచాపు తాళంలో వాయించేటప్పుడు ఇంకో తిప్పలు. తకిట తకధిమి అని మూడూ నాలుగుగా విరిగే ఏడు అక్షరాలు (తాళపు లెక్కలు) అవి. ఆ విరుపు మనసులో లేకపోతే ఒకేలా మోగే ఏడు టిక్కులు తాళాన్ని ఏమాత్రం చెప్పవు. తాళం మొదటి దెబ్బ, అంటే సమం, దాటాక పాట ఎత్తుకునే అనాగత గ్రహంలో కూడా అంతే, టిక్కు వినబడగానే చెయ్యి లేచిపోతుంది.

అందుకని దాన్ని వాడే తీరు మార్చాను. 60ని 30 చేసి, రెండు అక్షరాలకు ఒక్క టిక్కే వినడం. అది కుదిరాక, రెండు ఆవర్తనాలు (తాళపు పూర్తి చుట్లు) మోగి రెండు ఆవర్తనాలు మూగబోయేలా పెట్టడం; కొన్ని యాప్‌లలో ఆ సదుపాయం ఉంది. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, రెండు ఆవర్తనాలంటే పదహారు సెకన్ల నిశ్శబ్దం. మొదటిసారి టిక్కు తిరిగొచ్చేసరికి నేను సమం మీదికి అర అక్షరం ముందే వచ్చి కూర్చున్నాను. నా పరుగు ఎంతో కొలతగా తెలిసింది ఆ రోజే.

ఇక రెండోది, ఒంట్లో తాళం. నా దృష్టిలో అసలు మందు ఇదే. మన దగ్గర దీనికి కొదవా? తప్పెటగుళ్ల బృందాన్ని దగ్గర నుంచి చూడండి. రొమ్ముకు కట్టిన గుండ్రటి రేకు తప్పెట మీద చేతులు, గజ్జెలతో కాళ్లు, నోట పాట, మధ్యలో గెంతులు. అయినా దెబ్బ తప్పదు. 1919లో మన ఊళ్లో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఒకేసారి ఐదు తాళాలు చూపేవారని పేరు. మనకంత అక్కర్లేదు, ఒక్క తాళం ఒంటికి పడితే చాలు.

వీణకైతే ఆ ఏర్పాటు వాద్యంలోనే ఉంది. నా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి చేసినది. మెట్ల మీద నాలుగు తీగలు, పక్కన మూడు తాళపు తీగలు. చూపుడువేలు, నడిమివేలు స్వరం మీటుతుంటే చిటికెనవేలు కింది నుంచి పైకి ఆ మూడింటినీ తాకాలి. మొదట్లో చిటికెనవేలు పక్క వేళ్లతోపాటే కదిలిపోతుంది, స్వరం ఆలస్యమైతే తాళమూ ఆలస్యమవుతుంది. వయొలిన్ వాళ్ల పాదానికీ ఇదే జబ్బు: చెయ్యి పరుగెడితే పాదమూ పరుగెడుతుంది. కాబట్టి ముందు వాద్యం పక్కన పెట్టాలి. చేత్తో తాళం వేస్తూ నోటితో తకధిమి మూడు కాలాల్లో చెప్పాలి. తర్వాత అవే కాలాల్లో స్వరాలు పాడాలి. ఆపైనే మీటాలి. రోజుకు పావుగంట చొప్పున రెండు నెలలకు నా చిటికెనవేలు పక్క వేళ్ల మాట వినడం మానేసింది.

మూడోది మృదంగం తోడు. ఆ ఆనందం వేరు. కానీ కొత్తవాళ్లకు తొందరపడి చెప్పను. మంచి మృదంగ విద్వాంసుడు మనం తూలితే పట్టుకుంటాడు, మనతోపాటు సర్దుకుంటాడు. తప్పు కనబడకుండా పోతుంది. ఖర్చు సంగతి సరేసరి. వర్ణమనే సాధన రచన రెండు కాలాల్లో తోడు లేకుండా నిలిచాక కూర్చుంటే మాత్రం, టిక్కు ఎన్నటికీ నేర్పలేనిది దొరుకుతుంది: ఎదుటివాళ్ల లయ వింటూ మన లయ వదలకపోవడం.

అందుకే కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది, రోజూ నోరూ చెయ్యీ, వారానికోసారి టిక్కు. ఆదివారం పొద్దున్నే నేనూ అంతే. ధ్రువతాళ అలంకారం, పద్నాలుగు అక్షరాలు, రెండు ఆవర్తనాలు టిక్కుతో, రెండు లేకుండా. పోయిన వారం టిక్కు తిరిగి మోగినప్పుడు సరిగ్గా షడ్జం మీద ఉన్నాను.