చిలికాకి కయాక్: కిట్ తెప్పించుకోవాలా, షీట్లు కోసుకోవాలా?

బరంపురంలో ఉండి రంభ దగ్గర చిలికా సరస్సులో సొంతంగా చేసుకున్న కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడపాలనుకునే మనవాళ్లకు ఈ సందేహం తప్పదు: పడవ పలకలు కోసి పంపే కిట్ కొనాలా, ప్లైవుడ్ షీట్లు కొని మనమే కోసుకోవాలా?

ఖర్చు: విదేశీ కిట్‌కి రవాణా, దిగుమతి సుంకం తోడవుతాయి. షీట్లు చవక. కానీ ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే కొనండి.

శ్రమ: కిట్‌లో పలకలు ముందే కోసి వస్తాయి. రాగితీగతో కుట్టి, ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేయాలి. షీట్లైతే అంతకుముందే అసలు పరీక్ష: 8 అడుగుల ముక్కల్ని అతికి పొడవు చేయాలి. కుడి ఎడమ పలకల్ని జతచేసి ఒకేసారి కోయండి, లేకపోతే పడవ మెలితిరుగుతుంది.

రిస్క్ రెండింటికీ ఒకటే, తేమ. వానాకాలంలో ఎపాక్సీ మీద జిడ్డుపొర తేలుతుంది. కడిగి ఆరబెట్టాకే తర్వాతి పూత. నేనైతే వానలు పూర్తిగా తగ్గేదాకా ఆగుతాను.

ఇంట్లో వడ్రంగం తెలిసిన బాబాయో మావయ్యో ఉంటే షీట్లు. రంపం పట్టనివాళ్ల మొదటి పడవకి కిట్టే.