క్లౌడ్ ఛాంబర్‌లో తిన్నటి గీత: ఎవరి వివరణ మేలు?

క్లౌడ్ ఛాంబర్ అంటే చల్లటి ఆవిరి నిండిన పెట్టె. అందులో రేడియోధార్మిక పదార్థం చిన్న ముక్క పెడితే చాలు, దాని చుట్టూ సన్నటి తుంపరలతో తెల్లటి చారలు పొడుచుకొస్తాయి. ఒక్కో చార, పరమాణు కేంద్రకం నుంచి దూసుకొచ్చిన ఒక్కో ఆల్ఫా కణం పోయిన దారి. కానీ 1928లో భౌతిక శాస్త్రవేత్త గామోవ్ క్వాంటం సిద్ధాంతంతో వేసిన లెక్క ప్రకారం కేంద్రకం నుంచి బయటికొచ్చేది అన్ని దిక్కులకూ గోళంలా పరుచుకునే తరంగం. గోళం గీతగా ఎలా మారింది?

గీత తిన్నగా ఉన్నందుకు ఏ సిద్ధాంతమూ కాలరెగరేయనక్కర్లేదు. గీత తిన్నగా ఎందుకుంటుందో 1929లోనే భౌతిక శాస్త్రవేత్త నెవిల్ మాట్ చెప్పేశాడు. ఆల్ఫా కణంతో పాటు దారిలోని రెండు పరమాణువులనూ లెక్కలోకి తీసుకున్నాడు. ఆ రెండూ, మూలమూ దాదాపు ఒకే వరుసలో ఉంటే తప్ప రెండు పరమాణువులూ ఆ కణం దెబ్బకు ఉత్తేజితమయ్యే అవకాశం లేనట్టేనని తేలింది. అంటే ఆ గోళంలో ఉన్నవన్నీ తిన్నటి గీతలే. మరి వాటిలో ఒక్కటే ఎందుకు కనిపిస్తుంది? గొడవంతా ఇక్కడే.

కోపెన్‌హాగన్ వాళ్లు, అంటే నీల్స్ బోర్ బాటలో నడిచేవాళ్లు, ప్రతి తుంపరనూ ఒక కొలత అంటారు; కొలవగానే తరంగం ఒక్క ఫలితంగా తేలిపోతుందంటారు. కొలత మొదలయ్యేది పరమాణువు దగ్గరా, నీటి చుక్క దగ్గరా, చూసేవాడి కంటి దగ్గరా అంటే, ఎక్కడనుకున్నా లెక్క ఒకటే అంటారు. నిజమే, కానీ నాకది దాటవేతలాగే అనిపిస్తుంది.

డీకోహెరెన్స్‌తో, అంటే చుట్టూ ఉన్న పరమాణువులతో కణం పెనవేసుకుపోవడంతో, తేలేది ఒక దిక్కు గీత మరో దిక్కు గీతతో వ్యతికరణం చెందదన్న (రెండు అలల్లా కలిసి ఒకదాన్నొకటి పెంచడం, తుంచడం జరగదన్న) సంగతి. మిగతావి మాయమయ్యాయని దాంతో తేలదు. 1957లో ఎవరెట్ తెగించి అన్నీ ఉన్నాయనేశాడు: ప్రతి గీతకూ దాన్ని చూసే మనిషి ఒకడు. తరంగాన్ని నడిపే క్వాంటం సమీకరణం చెక్కుచెదరదు. అయితే అన్నీ జరిగేచోట ‘జరిగే అవకాశం ఇంత’ అంటే ఏమిటో చెప్పడానికి ఆయన వైపు వాళ్లు ఇంకా తంటాలు పడుతూనే ఉన్నారు.

అందరికంటే సూటిగా చెప్పింది 1952లో బోమ్. కణం ఎప్పుడూ ఏదో ఒక చోటే ఉంటుంది, తరంగం దాన్ని నడిపిస్తుంది. మొదట ఎక్కడుందో దాన్నిబట్టే దిక్కు. కాకపోతే ఎంతో దూరాన ఉన్న కణాల ప్రభావం కూడా ఆ క్షణానే దాని మీద పడాలి. సాపేక్షత సిద్ధాంతంతో దీన్ని పొసగించడం కష్టం.

గిరార్డి, రిమిని, వెబర్‌లది 1986 నాటి మాట: తరంగం తనంతట తానే కుదించుకుపోతుంది, ఒక్కో కణానికి సగటున 30 కోట్ల ఏళ్లకోసారి. ఆ లెక్కన ఆల్ఫా కణం మీద ఆశ పెట్టుకోలేం. కానీ గీతలోని తుంపరల్లో కోటానుకోట్ల కణాలున్నాయి కదా, ఏ ఒక్కటి కుదించుకున్నా దిక్కు తేలిపోతుంది. తీర్పు చెప్పేది కణం కాదు, నీళ్లు!

అర్థం కావాలంటే బోమ్ మేలు. పందెం కాయమంటే మాత్రం నేను గిరార్డి, రిమిని, వెబర్‌ల వైపే, గెలుస్తారని కాదు, ప్రయోగంలో ఓడిపోగలరు కాబట్టి. కుదింపే నిజమైతే పదార్థం నుంచి సన్నటి వికిరణం రావాలి. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద దానికోసం వెతికారు. గురుత్వాకర్షణే తరంగాన్ని కుదిస్తుందనే దగ్గరి చుట్టం సిద్ధాంతం, దాని అతి సరళ రూపంలో, 2020లో అక్కడే ఓడింది.