నా సెస్నా 172 ప్యానెల్ మార్పించి ఐదేళ్లు: 400 గంటల తర్వాత

హనుమకొండలో ఉంటూ సొంత విమానం ఉందంటే ముందుగా అందరూ అడిగేది, దాన్ని ఎక్కడ పెడతారని. బేగంపేటలో, అద్దె హ్యాంగరులో. మా ఊరి పక్కనున్న మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో 1930లో కట్టినదే అయినా, 1981 తర్వాత మూతపడింది. పునరుద్ధరణకు కేంద్రం 2025లో ఆమోదం తెలిపింది. మామునూరు తెరిచేదాకా నేను విమానం నడపాలంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదులో దిగాల్సిందే.

కాస్త విషయం తెలిసినవారు అడిగేది వేరు. 1982 నాటి విమానంలో అంత ఖరీదైన ఏవియానిక్స్ (ప్యానెల్‌లోని ఎలక్ట్రానిక్ పరికరాలు) పెట్టించడం దండగ కాదా అని. దానికి సమాధానం చెప్పేంత అనుభవం ఇప్పటికి వచ్చింది.

ముందు ఎందుకు మార్పించానో చెప్పాలి. 2019 డిసెంబరులో ఒక ఉదయం కాళేశ్వరం వైపు నుంచి తిరిగివస్తున్నాను. రామగుండం దాటాక పొగమంచు, పొగ కలిసిపోయి నేలకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. విమానం ఒరుగుదలను చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ డయల్‌లో బొమ్మ విమానం మెల్లగా ఎడమకు ఒరగడం మొదలైంది. నేను యోక్‌ను (విమానం స్టీరింగ్‌ను) కుడికి తిప్పాను. పక్కనే కరెంటుతో నడిచే టర్న్ కోఆర్డినేటర్ మాత్రం విమానం కుడికి తిరుగుతోందని చూపిస్తోంది. అప్పుడు, ఆ డయల్‌ను గాలి పీల్చి నడిపే పంపు ఎలా ఉందో చెప్పే వాక్యూమ్ గేజి చూశాను, ముల్లు సున్నాకు పడిపోయి ఉంది. లోపల పంపు రెక్కలు విరిగిపోయాయి. పంపు పోయినంత మాత్రాన గైరో (డయల్ లోపల తిరిగే చక్రం) ఒక్కసారిగా ఆగిపోదు. వేగం తగ్గేకొద్దీ నెమ్మదిగా ఒరుగుతుంది, చూసేవాడికి అది నిజమే అనిపిస్తుంది. టర్న్ కోఆర్డినేటర్‌ను నమ్ముకుని రెక్కలు సమం చేసి, కిందికి దిగి, గోదావరి కనిపించాకే ఊపిరి తీసుకున్నాను.

అందుకే మార్పుల్లో మొదటిది వాక్యూమ్ వ్యవస్థను మొత్తంగా తీయించేయడం. ఆర్టిఫిషియల్ హొరైజన్, దిశ చూపే డైరెక్షనల్ గైరో ఉన్న రెండు గుండ్రటి ఖాళీల్లో రెండు గార్మిన్ జీ5లు (చిన్న ఎలక్ట్రానిక్ తెరలు) బిగించారు. వాటిలో తిరిగే చక్రాలు లేవు, పంపు అవసరం లేదు. విమానం కరెంటు మొత్తం పోయినా జీ5 తన బ్యాటరీ మీద నాలుగు గంటల వరకు నడుస్తుందని తయారీదారు లెక్క. పైది చెడిపోతే కిందిదాన్ని హొరైజన్‌గా మార్చుకోవచ్చు. పాత గాలివేగం డయల్, ఆల్టీమీటర్ అలాగే ఉంచాలన్నది అనుమతి పత్రంలోని షరతు. అది మంచిదే, నా కన్ను ఇప్పటికీ ముందు వాటి మీదికే పోతుంది. ఇంతకుముందు పావుగంటకోసారి డైరెక్షనల్ గైరోను కంపాస్‌తో సరిచేసుకోవాల్సి వచ్చేది. ఐదేళ్లుగా ఆ పని లేదు. ఈ రెండింటి మీద పెట్టిన ప్రతి రూపాయీ నాకు దక్కింది.

దిశ చూపే మాగ్నెటోమీటర్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. దాన్ని రెక్కలో, ఇనుముకూ కరెంటు తీగలకూ దూరంగా పెట్టాలి. డెలివరీ తీసుకున్న వారానికి సాయంత్రం బేగంపేటలో రన్‌వే 27 మీద నిలబడితే 270 దగ్గర ఉండాల్సిన అంకె 262 చూపించింది. లైట్లు ఆర్పితే సరైపోయింది, వేస్తే మళ్లీ తప్పింది. లైట్ల తీగ దానికి మరీ దగ్గరగా వెళ్తోంది. తీగ దారి మార్చడంతో సమస్య పోయింది. మీరు చేయించేటప్పుడు మాత్రం ఇంజన్ నడుపుతూ లైట్లు, పిటాట్ హీటర్, ఫ్లాప్స్ ఒక్కొక్కటే వేసి దిశ అంకె కదులుతుందేమో చూశాకే సంతకం పెట్టండి.

ఇంకొక నెల హెడ్‌సెట్‌లో మోత వేధించింది. ఇంజన్ వేగం పెంచితే ఈల లాంటి శబ్దం కూడా పెరిగేది. వర్క్‌షాపు రెండుసార్లు రేడియోనే అనుమానించింది. ఒకసారి నాతో పాటు వచ్చిన మా మేనల్లుడు, కాజీపేటలో రైల్వే సిగ్నలింగ్‌లో పనిచేసేవాడు, కాసేపు విని, “మామయ్యా, ఇంజన్‌తో పాటు పెరుగుతోందంటే ఇది ఆల్టర్నేటర్ మోత. ఎర్త్ రెండుచోట్ల తగులుతోందేమో చూడమని చెప్పండి” అన్నాడు. లైసెన్సు ఉన్న ఇంజనీరు ప్యానెల్ విప్పి చూస్తే, మైక్ జాక్ చుట్టూ ఉండాల్సిన ఫైబర్ వాషరు లేదు. జాక్ నేరుగా అల్యూమినియం రేకుకు తగులుతోంది. రూపాయి బిళ్లంత వాషరు వేశాక ఈల ఆగిపోయింది. ఆ రోజు భద్రకాళి చెరువు మీదుగా వెళ్తూ మా ఇద్దరి మాటలూ స్పష్టంగా వినిపించడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అసలు ప్యానెల్ విప్పిన రోజే తీగల సంగతి అర్థమై ఉండాల్సింది. ఎప్పుడో పీకేసిన రేడియోల తీగలు, పనిచేయని ఏడీఎఫ్ (పాతకాలపు దిక్సూచి రేడియో) తీగలు నలభై ఏళ్లుగా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కొన్నింటి తొడుగు గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. అన్నీ తీయిద్దామని అడిగితే ఖర్చు పెరుగుతుందన్నారు, సగమే తీయించాను. రెండేళ్లకు మిగతా సగం కోసం మళ్లీ విప్పాల్సి వచ్చింది. డబ్బు తక్కువ పడితే పెద్ద తెరను వాయిదా వేయండి, తీగలను మాత్రం వద్దు.

ట్రాన్స్‌పాండర్ (విమానం గుర్తునూ ఎత్తునూ కంట్రోలర్లకు పంపే పెట్టె) గురించి అమెరికా వాళ్ల సమీక్షలు చదివి ఆశపడొద్దు. అక్కడ ఏడీఎస్-బీ (విమానాలు తామెక్కడున్నాయో రేడియోలో ప్రకటించే పద్ధతి) రిసీవర్ ఉంటే వాతావరణ చిత్రం, చుట్టుపక్కల విమానాల సమాచారం నేల మీది స్టేషన్ల నుంచి ఉచితంగా తెరమీదికి వస్తాయి. మన దగ్గర ఆ ప్రసారం లేదు. తాముగా సంకేతం పంపే విమానాలే మన తెరమీద కనిపిస్తాయి. అంటే ఎక్కువగా పెద్ద విమానాలే. చిన్న విమానాన్ని వెతకడానికి కళ్లే దిక్కు. రిసీవరు కోసం అదనంగా పెట్టిన డబ్బుకు తగిన ఫలితం నాకు అందలేదు. సంకేతం పంపే భాగం మాత్రం ఉపయోగపడుతోంది. పాత పెట్టె ఎత్తు తప్పుగా పంపుతోందని కంట్రోలర్లు తరచూ హెచ్చరించేవారు, ఇప్పుడు ఆ మాటే లేదు.

జీపీఎస్‌లో మనకంటూ ఉన్న మేలు గగన్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన ఈ వ్యవస్థ జీపీఎస్ లెక్కలోని తప్పును సరిచేసి, ఆ సవరణను ఉపగ్రహాల ద్వారా పంపుతుంది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగింది. నేను అలాంటి అప్రోచ్‌లు చేసేవాడిని కాను. అయినా ఉపగ్రహాల పేజీలో గగన్ ఉపగ్రహాల అంకెలైన 127, 128 దగ్గర పట్టీ నిండుగా కనిపిస్తే సంతోషంగా ఉంటుంది. సెట్టింగుల్లో గగన్ ఎంపికై ఉందో లేదో మొదటిరోజే చూసుకోండి.

ఏ టచ్ స్క్రీన్‌కైనా మే నెల మధ్యాహ్నం గాలి కుదుపుల్లో వేలు నిలవదు. తెర అంచును బొటనవేలితో పట్టుకుని చూపుడువేలితో నొక్కడం అలవాటు చేసుకున్నాను. దారి మొత్తం నేల మీదే వేసుకుని బయలుదేరతాను. నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది, దాని చందాను ఏటా ఖర్చులో కలుపుకోవాలి.

పనికి ఆరు వారాలన్నారు, ఐదు నెలలు పట్టింది. అందులో సగం కాగితాలకే. అమెరికాలో ఆమోదం ఉన్న మార్పే అయినా మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అంగీకారం కావాలి, కరెంటు భారం లెక్క, విమానానికి కొత్త తూకం కావాలి. ఆ కాగితాలు చేతికి రాకముందే విమానం విప్పనివ్వడం నేను చేసిన తప్పు. మిగిలిపోయిన ఆటోపైలట్ ఈ శీతాకాలంలో పెట్టిస్తున్నాను. ఈసారి అనుమతి పత్రాల ఫైలు హనుమకొండలో నా బల్ల మీదికి వచ్చాకే స్క్రూడ్రైవరు ముట్టుకోవాలని ఒప్పందంలో రాయించాను.